కుక్కల వైద్యమా, జూనోటిక్ పరిశోధనా అని అడిగిన అమ్మాయికి

ప్రశ్న చాలా పెద్దగా రాశావు. చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. గన్నవరంలో బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ, మూడో సంవత్సరం చదువుతున్నావు, ఇల్లు విజయవాడ పటమటలో. కుక్కలు, పిల్లుల వైద్యం అంటే ఇష్టం. నాన్నగారేమో ప్రభుత్వ డాక్టర్ పోస్టుకు రాసుకోమంటున్నారు. ఒక సీనియర్ మాత్రం "ఓపీలో కుక్కలకు టీకాలు వేసుకుంటూ కూర్చుంటే ఏముంది, జూనోటిక్ జబ్బులు, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల మీద ల్యాబ్‌లో పనిచెయ్, పేరొస్తుంది" అన్నాడు. "రెండూ ఇష్టమే సార్, ఏది వదులుకోవాలి? ప్రొఫెసర్ జీవితం ఎలా ఉంటుంది?" అని అడిగావు.

నేను వెటర్నరీ మెడిసిన్ ప్రొఫెసర్‌గా రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్నవాళ్ల పిల్లలు ఇప్పుడు నీ క్లాసులో కూర్చుంటున్నారు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

ముందు నాన్నగారి సంగతి. ఆయన మాట తేలిగ్గా తీసెయ్యకు. నేను మొదలైంది అక్కడే. 1983లో తిరుపతి కాలేజీలో చేరాను. అప్పటికి వెటర్నరీ యూనివర్సిటీ లేదు, మేమంతా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేవాళ్లం. గన్నవరం కాలేజీ వచ్చింది 1998లో, మన యూనివర్సిటీ ఏర్పడింది 2005లో. చదువవగానే కృష్ణా డెల్టాలో ఒక పల్లెలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. రెండు గదులు, బయట పశువుని కదలకుండా నిలబెట్టే ఒక ట్రెవిస్, ఒక కాంపౌండరు, సైకిలు తొక్కడం తప్ప ఇంకే పనీ ఇష్టంలేని ఒక అటెండరు. కాన్పులు, పొదుగు వాపులు, మాయ పడని గేదెలు, ఇదే రోజువారీ పని. 1990 మే తుఫాను తర్వాత వారం రోజులు పశువుల కళేబరాలు పూడ్పించడం తప్ప వైద్యం అన్నది లేదు. కాలేజీలో ఐదేళ్లు నేర్చుకోనిది ఆ మూడేళ్లలో నేర్చుకున్నాను. ఈతకు వచ్చిన గేదె పక్కన రాత్రంతా కూర్చోని మెడిసిన్ డాక్టర్‌ని నేను పూర్తి డాక్టర్‌గా ఒప్పుకోను. ఇది నా మొండితనం అనుకో.

అసలు విషయం ఆ ఊళ్లోనే జరిగింది. ఒక గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది, మాయ పడలేదు. నెలాఖరు, గ్లౌజులు అయిపోయాయి. భుజం దాకా సబ్బు రాసుకుని చెయ్యి పెట్టి తీసేశాను. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం, పైగా అదొక గొప్ప. నెల తిరిగేసరికి నాకు జ్వరం మొదలైంది. పగలంతా బాగానే ఉండేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోవడం, అర్ధరాత్రి చెమటలతో దుప్పటి తడిసిపోవడం, నడుము విరిగినట్టు నొప్పి. ఒక ఆసుపత్రిలో టైఫాయిడ్ అన్నారు, కోర్సు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మళ్లీ టైఫాయిడ్ అన్నారు, మళ్లీ కోర్సు. నాలుగు నెలల్లో మనిషిని సగమయ్యాను. మా అమ్మ మొక్కని దేవుడు లేడు.

ఏదో పని మీద తిరుపతి వెళ్తే మా పాత మాస్టారు నన్ను ఎగాదిగా చూసి ఒకే మాట అడిగారు. "ఈ మధ్య ఈసుకుపోయిన పశువు మాయ ఏమైనా తీశావట్రా?" అంతే. నా రక్తం తీసి, సీరంలో ఒక చుక్క పలక మీద వేసి, రోజ్ బెంగాల్ యాంటిజెన్ అనే గులాబీ రంగు పరీక్ష మందు కలిపి ఊపారు. నాలుగు నిమిషాలు కాకుండానే గులాబీ రంగు రవ్వల్లా విడిపోయింది. బ్రూసెల్లోసిస్. పశువుల్ని ఈసుకుపోయేలా చేసి, మనిషికి అంటితే ఇలా విడవని జ్వరం తెచ్చే జబ్బు. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు వాడాను. ఆ రిఫాంపిసిన్‌కి మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పలేదని ఆయనతో పోట్లాడాను కూడా.

నాకు వైద్యం చేసిన డాక్టరు తెలివితక్కువవాడేం కాదు. ఆయన చదువులో పశువు ఒక పేరా, మన చదువులో మనిషి ఒక పేరా. ఆ రెండు పేరాల మధ్య నాలుగు నెలలు నేను మంచం మీద ఉన్నాను. నీ సీనియర్ చెప్పిన జూనోటిక్ పరిశోధన అనేది నా వరకు అక్కడ పుట్టింది. ల్యాబ్‌లో పుట్టలేదు, ఒక్క ప్రశ్న అడగడంలో పుట్టింది. అందుకే నీ ప్రశ్నలో 'ఏది వదులుకోవాలి' అన్న మాట దగ్గరే నాకు పేచీ. నేను చెప్పేదంతా దాని గురించే.

ఎంవీఎస్సీకి, అంటే పీజీకి, మెడిసిన్ తీసుకుని, తర్వాత టీచింగ్‌లోకి వచ్చి కుక్కల ఓపీలో కూర్చున్నాను. ఇప్పుడు నీకు వింతగా ఉంటుందేమో గానీ, ఆ రోజుల్లో అదొక తక్కువ పని. పశువుల డాక్టరంటే రైతుకి దేవుడు, కుక్కల డాక్టరంటే కాలక్షేపం. మా బంధువుల్లో ఒకాయన పెళ్లిలో నన్ను "మా వాడు కుక్కల డాక్టరండీ" అని పరిచయం చేసి, వెంటనే "కానీ గవర్నమెంటే" అని సర్దేవాడు. వచ్చేవి ఎక్కువగా పొమేరియన్లు, ఆల్సేషన్లు, డాబర్‌మన్లు. ఇప్పుడు లాబ్రడార్, షిట్జు, గోల్డెన్ రిట్రీవర్, ఆఖరికి హస్కీలు. మంచు మీద బండి లాగే కుక్కని మే నెలలో 45 డిగ్రీల బెజవాడకి తెచ్చుకోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దాని ఫ్యాను. కరెంటు పోయిన మధ్యాహ్నం వడదెబ్బతో వచ్చిన హస్కీని చల్లబరచడం మొదలుపెడితే ఓపీ మొత్తం ఆగిపోయేది. సరే, ఇది వేరే గోల.

పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులు, పిడుదుల జ్వరాలు, గజ్జి, ఇవి రోజూ ఉండేవి. పార్వో 1978లో ప్రపంచానికి కొత్త జబ్బు. నేను ఓపీలో కూర్చునే నాటికి టీకా వేయని ప్రతి కుక్కపిల్లకీ అదే గండం. పిడుదుల జ్వరాల్లో ఎర్లిషియా గురించి నీకు పాఠం చెబుతారు. ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారుతూ వస్తుంది, 28 రోజులు డాక్సీసైక్లిన్ ఓపిగ్గా వాడితే చాలావరకు లేచి కూర్చుంటుంది. పిడుదులే అంటించే ఇంకో క్రిమి, బెబీసియా గిబ్సోనై మాత్రం మొండిది. దాన్ని 1910లో మొదట వర్ణించింది మన మద్రాసు వేటకుక్కల్లోనే అని చెబితే పిల్లలు ఆశ్చర్యపోయేవాళ్లు. పరీక్షలో మాత్రం రాసేవాళ్లు కాదు.

రేబిస్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి.

ఒకరోజు గుంటూరు నుంచి ఒక కుటుంబం ఆరేడు నెలల కుక్కని తెచ్చారు. "గొంతులో ఎముక ఇరుక్కుందండీ, రెండు రోజుల నుంచి ఏమీ మింగడం లేదు" అన్నారు. నోరు తెరిచే ఉంది, చొంగ కారుతోంది, కింది దవడ వేలాడుతోంది. మా ఇంటర్నీ కుర్రాడు ఉత్సాహంగా టార్చి పట్టుకుని, ఒట్టి చేత్తో నోట్లోకి వేళ్లు పెట్టేశాడు. నేను అటు తిరిగేసరికి పని అయిపోయింది. ఎముక లేదు. కుక్క అరవబోతే గొంతు మారిపోయి ఉంది. నా కాళ్లలో సత్తువ పోయింది. పిచ్చికుక్క అంటే మీదపడి కరిచేదే అని అందరూ అనుకుంటారు. మూగగా, దవడ పడిపోయి, ఎముక ఇరుక్కున్నట్టు కనిపించే రేబిస్ డాక్టర్ల ప్రాణాల మీదికి తెస్తుంది. గొంతులో ఎముక అని ఎవరు చెప్పినా, గ్లౌజులు వేసుకునే దాకా నోటి దగ్గరికి వెళ్లొద్దు. ఈ జవాబులో ఇంకేదీ గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

కుక్క మర్నాడే పోయింది. మెదడు ముక్కతో స్లైడు మీద ముద్రలు తీసి సెల్లర్స్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే రేబిస్‌కి గుర్తైన నెగ్రీ బాడీస్ కనిపించాయి. కనిపించకపోతే రేబిస్ కాదని చెప్పడానికి వీల్లేదు, అందుకే ఫ్లోరసెంట్ యాంటీబాడీ పరీక్షకీ పంపాం. ఆ సాయంత్రం చేసిన పనే నా ఉద్యోగాన్ని మార్చింది. ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ఇంటాయనతో కూర్చున్నాను. గత రెండు వారాల్లో ఈ కుక్క ఎవరెవర్ని కరిచింది, గీరింది, ఎవరి పుండు నాకింది? కుక్క లక్షణాలు బయటపడకముందే కొన్ని రోజులు దాని చొంగలో వైరస్ ఉండొచ్చు. కరిచిన కుక్కని పది రోజులు గమనించమనడం అందుకే. మొదట నలుగురి పేర్లు చెప్పాడు. తిరగేసి మరగేసి అడిగితే పదకొండు మంది తేలారు. పాలు పోసే మనిషి, ట్యూషన్‌కి వచ్చే ఇద్దరు పిల్లలు, మేడ మీద అద్దెకున్నవాళ్లు. మా ఇంటర్నీ పన్నెండోవాడు. అందరికీ టీకాలు పడేదాకా నాకు నిద్ర లేదు.

అప్పటికింకా గొర్రె మెదడుతో తయారుచేసే పాత నరాల టీకా పూర్తిగా పోలేదు, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లంటే జనం హడలిపోయేవాళ్లు. సున్నం రాసుకునేవాళ్లు, పసరు కట్టించుకునేవాళ్లు, గాయంలో కారం కూరుకునేవాళ్లు. గుంటూరు కారం ఆవకాయలోకి, కుక్కకాటులోకి కాదు తల్లీ. సబ్బు, కుళాయి నీళ్లు, పదిహేను నిమిషాలు కడగడం, వెంటనే టీకాకి పరిగెత్తడం. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా. ప్రపంచంలో ఏటా దాదాపు 59,000 మంది రేబిస్‌తో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే. పాశ్చర్ 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే కుర్రాడికి టీకా వేయించాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా లెక్కేసుకుంటే మనం సిగ్గుపడాల్సిన సంగతే. 2021లో మన కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని లేకుండా చేస్తామని కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధికుక్కలతో సహా కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే గొలుసు తెగుతుంది. నీ తరం డాక్టర్లే వెయ్యాలి ఆ టీకాలు. "ఓపీలో టీకాలు వేసుకుంటూ కూర్చోవడం" అని మీ సీనియర్ చిన్నచూపు చూసింది దాన్నే.

ఆ కాగితం తర్వాత మా ఓపీ కేస్ షీట్‌లో నేను పెన్నుతో ఒక లైను అదనంగా రాయించేవాణ్ణి. "ఇంట్లో ఎవరికైనా జ్వరం, చర్మం మీద మచ్చలు ఉన్నాయా?" పిల్లలు విసుక్కునేవాళ్లు. యజమానులు కొందరు "కుక్క సంగతి చూడవయ్యా అంటే మా సంగతి అడుగుతాడేంటి" అనేవాళ్లు. కానీ ఆ లైనుతో ఎన్ని దొరికాయో! కుక్కపిల్లకి తామర ఉంటే, ఆ ఇంటి పాప చెంప మీద గుండ్రటి మచ్చ. వాళ్లు పాపకి ఒకచోట, కుక్కకి ఒకచోట మందు రాయిస్తూ నెలల తరబడి ఒకరికొకరు అంటించుకుంటున్నారు. ఇద్దరికీ ఒకేసారి రాస్తే పోయింది.

ఆ లైను కూడా తప్పేనని ఒక లాబ్రడార్ నేర్పింది.

కంకిపాడు వైపు పొలాలున్న ఆసామి తెచ్చాడు. వానాకాలం, నాట్లు అయిపోయిన రోజులు. కుక్క వాంతులు చేసుకుంటోంది, చిగుళ్లు పసుపు, మూత్రం టీ డికాక్షన్ రంగు. కామెర్లు, కిడ్నీలు దెబ్బతిన్న లక్షణాలు. లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే జబ్బు అనుమానించాను. టీకా వేయించారా అంటే "ఏటా తప్పకుండా" అని కార్డు చూపించాడు. అలవాటుగా అడిగాను, ఇంట్లో ఎవరికైనా జ్వరమా? "ఎవరికీ లేదండీ, అందరం బాగున్నాం." రాసుకున్నాను. కుక్కకి సెలైన్ ఎక్కుతుండగా ఆయన ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు, "వాడు వారం నుంచి రావట్లేదు, కుక్కని నేనే తీసుకురావాల్సొచ్చింది." ఎవరండీ అన్నాను. "మా పాలేరు. ఒళ్లునొప్పులట."

ఆ సాయంత్రం నేనే వెళ్లాను. నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిక్కలు ముట్టుకుంటే కేకపెట్టాడు. మూత్రం తగ్గిపోయిందన్నాడు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి పంపించాం, పెన్సిలిన్‌తో బయటపడ్డాడు. ఆసామి అబద్ధం చెప్పలేదు. 'ఇంట్లో' అని నేను అడిగాను, ఆయన లెక్కలో పాలేరు ఇంట్లో మనిషి కాదు. మర్నాడే ఆ లైను మార్చాను. "ఈ కుక్కకి అన్నం పెట్టేది ఎవరు, కట్టేది ఎవరు, తిప్పేది ఎవరు? వాళ్లెలా ఉన్నారు?" రిటైరయ్యే దాకా అదే లైను.

పాలేరుకి కుక్క అంటించిందని నేను అనడం లేదు, అది చాలామంది చేసే పొరపాటు. ఎలుకలు, పందికొక్కులు మూత్రం పోసిన చేలో ఇద్దరూ నడిచారు. లెప్టోస్పైరా తడి నేలలో, నిలవనీటిలో వారాల తరబడి బతుకుతుంది. కాలి పగుళ్లలోంచి లోపలికి పోతుంది. కుక్క మా దాకా ముందు వచ్చింది, మనిషి సంగతి తర్వాత తెలిసింది. కుక్కని సాక్షిగా చూడటం నేర్చుకో. ఆ కళ్లతో చూస్తే నీ ఓపీ గదికి మించిన నిఘా కేంద్రం ఊళ్లో ఇంకోటి ఉండదు.

ఆ లాబ్రడారే నా పీహెచ్‌డీ కూడా. ఏటా టీకా వేసిన కుక్కకి ఎందుకొచ్చింది? జబ్బు తెచ్చే లెప్టోస్పైరాల్లో 250కి పైగా సెరోవార్లు, అంటే ఉపరకాలు ఉన్నాయి. మాకు దొరికే కలగలుపు టీకాల్లో ఉండేవి ముఖ్యంగా రెండు, కేనికోలా, ఇక్టెరోహెమరేజియే. మన చేలల్లో తిరిగేవి ఆ రెండేనా? కాకపోతే కార్డు మీద ఎన్ని ముద్రలున్నా లాభం ఎంత? ఇదీ ప్రశ్న. దీనికి మ్యాట్ అనే పరీక్ష ఉంది. బతికున్న క్రిములను రోగి సీరంతో కలిపి, డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపు కింద గుంపు కడుతున్నాయా లేదా అని చూడాలి. చీకట్లో సన్నటి వెండి దారాలు మెలికలు తిరుగుతున్నట్టుంటాయి, చివర కొక్కెం. ఆ ఆకారం ప్రశ్నార్థకంలా ఉందనే దానికి ఇంటరోగాన్స్ అని పేరు పెట్టారు. చూడటానికి అందం, పెంచడానికి నరకం. ఒక్కో సెరోవార్‌ని విడివిడిగా బతికించుకోవాలి, కొన్ని రోజులకోసారి కొత్త మీడియంలోకి మార్చాలి. దసరా అన్నా సంక్రాంతి అన్నా వాటికి పట్టదు. మా ఆవిడ వాటిని "మీ రెండో సంసారం" అనేది.

ఇంకో తలనొప్పి చెబుతాను, పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు దీన్ని. ఒక్క శాంపిల్‌తో నిర్ధారణ కష్టం. టీకా వల్ల కూడా టైటర్, అంటే రక్తంలో యాంటీబాడీల మోతాదు వస్తుంది కాబట్టి రెండు వారాల తర్వాత ఇంకో శాంపిల్ తీసి, నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి. రెండో శాంపిల్‌కి ఎవరొస్తారు? కుక్క బతికితే "బాగుంది కదండీ" అని రారు, చచ్చిపోతే అసలే రారు. స్కూటర్ మీద గుంటూరు, తెనాలి, ఉయ్యూరు తిరిగి ఇళ్ల దగ్గర రక్తం తీసుకొచ్చేవాణ్ణి. ఒక వేసవిలో ఒక చోట ఫ్రీజర్‌లో దాచిన సీరం మొత్తం మూడు రోజుల కరెంటు కోతకి పాడైపోయింది. జనరేటర్‌కి డీజిల్ పోయించడం ఎవరి పని అన్న ఫైలు మాత్రం భద్రంగా ఉంది. ఏడాదిన్నర పని పోయింది. అప్పట్నుంచి ప్రతి శాంపిల్‌నీ రెండుగా చేసి రెండు చోట్ల పెట్టేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్.

పరిశోధనలో నేను చేసిన అసలు తప్పు ఫ్రీజర్‌ది కాదు. నా మొదటి పేపర్‌లో ఓపీకి వచ్చిన జబ్బు కుక్కల్లో ఎన్నింటికి పాజిటివ్ వచ్చిందో లెక్కేసి, ఆ శాతాన్ని 'విజయవాడ పరిసరాల కుక్కల్లో' అని రాశాను. సమీక్షకుడు ఒక్క లైనుతో వెనక్కి పంపాడు, మీ ఆసుపత్రి గేటు దాటని కుక్కల సంగతేమిటి అని. ఓపీకి వచ్చేవి డబ్బున్నవాళ్ల కుక్కలు, అందులోనూ జబ్బుపడ్డవి. విజయవాడ సింగ్ నగర్ పేటలోని వీధికుక్క ఆ లెక్కలో లేదు. ఇప్పటికీ మన దగ్గర వచ్చే పేపర్లలో చాలావాటికి ఇదే రోగం. అందుకే ఎపిడెమియాలజీ, స్టాటిస్టిక్స్ క్లాసులు ఎగ్గొట్టకు. పీసీఆర్ మెషీన్ నెలలో నేర్చుకోవచ్చు, ఏ గుంపులోంచి శాంపిల్ తీశాం అని ఆలోచించడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

సింగ్ నగర్ అన్నాను కాబట్టి, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఆ పేట మునిగినప్పుడు మీ ఇంటి దాకా రాకపోయినా నువ్వూ చూసే ఉంటావు. రోజుల తరబడి నడుముల్లోతు నీళ్లు, మేడల మీద మనుషులు, మనుషుల పక్కన కుక్కలు. నాకు ఫోన్లు ఒకటే మోత. కుక్కకి ఏం పెట్టాలి అని అడిగేవాళ్లే అందరూ. నేను ఎదురు అడిగేది, నీళ్లలో తిరిగిన మీ కాళ్లకి పుండ్లున్నాయా అని. నీళ్లలో దిగి పనిచేస్తున్న కుర్రాళ్లకి వారానికోసారి వేసుకునే డాక్సీసైక్లిన్ గురించి డాక్టర్ని అడిగి వేసుకోమని చెప్పాను. అరవై దాటినవాణ్ణి, అంతకన్నా చేయగలిగింది లేదు. కానీ ఆ ఫోన్లు ఎత్తడానికి పనికొచ్చింది లాబ్రడారూ, పాలేరూ నేర్పిన చదువే.

ప్రొఫెసర్ జీవితం ఎలా ఉంటుందన్నావు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం పాఠాలు, సాయంత్రం థీసిస్‌లు దిద్దడం, మధ్యలో కమిటీలు. కమిటీల గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు అవదు. ప్రమోషన్లకి పేపర్లు లెక్కేస్తారు, ఒక్కో జర్నల్‌కి వ్యవసాయ శాస్త్రాల జాతీయ అకాడమీ ఇచ్చే నాస్ రేటింగ్ ఉంటుంది, కాబట్టి కొందరు ఒకే పనిని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లు వేస్తారు. నువ్వు ఆ దారి పట్టకు. పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కావు, అందుకు మానసికంగా సిద్ధపడి ఉండు. ఎంవీఎస్సీ తర్వాత టీచింగ్ పోస్టులకి అర్హత పరీక్ష అయిన ఏఎస్‌ఆర్‌బీ నెట్ రాసి దగ్గర పెట్టుకో. డబ్బు కావాలంటే ప్రైవేటు క్లినిక్. విజయవాడ, గుంటూరుల్లో స్కానింగ్, ల్యాబ్ ఉండి చక్కగా కుక్కల వైద్యం చేసేవాళ్లకి ఇప్పుడు కొదవలేదు, రోగులకీ కొదవలేదు. అది తక్కువ పనేం కాదు. కేస్ షీట్ సరిగ్గా రాసే ప్రైవేటు డాక్టరు, రాయని ప్రొఫెసర్ కన్నా పరిశోధనకి ఎక్కువ పనికొస్తాడు.

నీకు నా సలహా అడిగితే ఇదీ. ఎంవీఎస్సీ మెడిసిన్‌లోనే చెయ్, పబ్లిక్ హెల్త్‌లో కాదు. ఒక జూనోటిక్ జబ్బుని థీసిస్‌కి తీసుకో, సపోర్టింగ్ కోర్సులు పబ్లిక్ హెల్త్, ఎపిడెమియాలజీ నుంచి ఎంచుకో. చెన్నై వేపేరీలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ 1903 నాటిది, అక్కడి చిన్న జంతువుల ఓపీ ఒక్క నెల చూసినా కళ్లు తెరుచుకుంటాయి. లూథియానా వెటర్నరీ వర్సిటీలో మనిషి, పశువు ఆరోగ్యాన్ని కలిపి చూసే వన్ హెల్త్ కేంద్రం ఉంది, బెంగళూరులో పశువ్యాధుల పరిశోధన సంస్థ అయిన నివేదిలో లెప్టో, బ్రూసెల్లా మీద పని జరుగుతోంది. పీహెచ్‌డీ అలాంటి చోట అయితే మంచిది. ఈలోపు ప్రభుత్వ పోస్టు వస్తే చేరిపో, నాన్నగారూ సంతోషిస్తారు. రెండు మూడేళ్లు పల్లెలో చేసి సెలవు పెట్టి చదువుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు, నేనూ అలాంటివాణ్ణే. నేరుగా ల్యాబ్‌లోకి పోయినవాళ్లలో చాలామంది మంచి టెక్నీషియన్లయ్యారు. ప్రశ్న ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తెలియక ఎవరో విదేశంలో అడిగిన ప్రశ్నకే ఇక్కడి శాంపిళ్లు పరీక్షిస్తూ ఉండిపోయారు. కఠినంగా అంటున్నానేమో, కానీ చూసిందే చెబుతున్నాను.

పిల్లుల గురించి కూడా అడిగావు. మన దగ్గర పిల్లుల వైద్యం ఇంకా కొత్తే, నేర్చుకో, బాగా అవసరం ఉంది. పిల్లిని చిన్న కుక్క అనుకోవద్దు. జ్వరమని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సగం బిళ్ల వేసి పిల్లిని చంపుకున్న చదువుకున్నవాళ్లు నాకు ఏటా తగిలేవాళ్లు. దాని కాలేయం ఆ మందుని తట్టుకోలేదు.

చివరిగా, నువ్వు రాసినదాంట్లో బ్రాకెట్లో ఒక మాట ఉంది. "మా బ్యాచ్‌లో సగం మంది ఇంకా రేబిస్ టీకా వేయించుకోలేదు, ఇంటర్న్‌షిప్‌లో చూసుకుందాం అంటున్నారు." నీ ప్రశ్న మొత్తంలో నాకు భయం వేసింది ఇక్కడే. కరవకముందే వేయించుకునే టీకాకి ఇంటర్న్‌షిప్ దాకా ఆగకండి. మొదటి రోజు, ఏడో రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు అని పాత పద్ధతి, ఇప్పుడు రెండు డోసుల పద్ధతి కూడా వచ్చింది. మీ ఊరి డాక్టరు ఏది చెబితే అది వేయించుకోండి. వేయించుకున్నా సరే, తర్వాత కుక్క కరిస్తే కడుక్కోవాలి, బూస్టర్లు వేయించుకోవాలి. టీకా కార్డు ఫోటో ఫోన్‌లో పెట్టుకో, అసలు కార్డు అమ్మకి ఇవ్వు. బ్యాచ్ మొత్తాన్ని ఒకేరోజు తీసుకెళ్లు. గొంతులో ఎముక ఇరుక్కున్న కుక్క మీ ఓపీకి ఏ రోజు వస్తుందో ఎవరికి తెలుసు.